ఆ డెబ్బై నాలుగు ఎవరిది

13 జూన్ 2025, శుక్రవారం. వోల్ఫ్స్‌బర్గ్.

నేను రోజూ డైరీ రాసే మనిషిని కాను. మనసు కుదురుగా ఉన్నప్పుడు డైరీతో పనిలేదు. దీనికి ముందు రాసింది 2011లో, ఆయన పోయిన తరువాత నలభై రోజులు. మళ్ళీ ఇవాళ మొదలుపెట్టడానికి కారణం ఉదయం పదకొండూ ఇరవైకి వచ్చిన ఉత్తరం. అందులో ఒక ఫొటో ఉంది. ఆ ఫొటోలో నేను ఉన్నాను, కానీ కనిపించను. ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా మాట్లాడుతున్నాం. మిగతా ముగ్గురి లెక్కలూ కలిసి నా లెక్కను చెడగొట్టకముందే నాది నేను రాసి పెట్టుకోవాలి.

ఉత్తరం మా అబ్బాయి రవికిరణ్ పేరున వచ్చింది. సారాంశం ఇది. మే 30, శుక్రవారం, సాయంత్రం 4 గంటల 41 నిమిషాలకు బ్రౌన్‌ష్వైగ్ ఊళ్ళో, యాభై దాటకూడని రోడ్డు మీద, మీ కారు డెబ్బై ఏడులో వెళ్ళింది. మా యంత్రం పొరపాటు పడి ఉండవచ్చు కాబట్టి మూడు తీసేసి డెబ్బై నాలుగు అంటున్నాం. నడిపింది ఎవరో వారం లోపల రాసి పంపండి.

ముప్ఫై నాలుగేళ్ళు ఫిజిక్స్ పాఠం చెప్పాను. తన పరికరం తప్పు తానే ముందుగా తీసేసుకుని లెక్క చెప్పిన విద్యార్థిని నాకు ఒక్కతె కూడా తగల్లేదు. ప్రభుత్వం తగిలింది.

కారు కాగితాల మీద రవికిరణ్‌ది. నిజానికి అది నా మనవరాలు ఈషాది. ఇన్సూరెన్సు తేలిక అవుతుందని తండ్రి పేరున పెట్టారు. పద్నాలుగేళ్ళ పాత ఎర్ర కారు. రెండు వేసవులు బేకరీలో నిలబడి పనిచేసి కొనుక్కుంది. దాని పేరు టొమాటో. ఈషాకి పద్దెనిమిది నిండి నాలుగు నెలలు, లైసెన్సు వచ్చి మూడు నెలలు. ఇక్కడ కొత్త లైసెన్సుకి రెండేళ్ళు ‘ప్రోబెత్సైట్’ అని ఉంటుంది. కొత్త కోడలిని చూసినట్టు ప్రతి అడుగూ చూస్తారు. ఉండవలసిన వేగం కన్నా ఇరవై ఒకటి ఎక్కువ వెళ్ళారంటే ఆ రెండేళ్ళు నాలుగవుతాయి. మళ్ళీ క్లాసులో కూర్చోవాలి. ఈషా వెళ్ళింది ఇరవై నాలుగు ఎక్కువ. ఇంకో నాలుగు కిలోమీటర్లు తగ్గి ఉంటే ఈ ఇంట్లో మధ్యాహ్నం అందరం అన్నం తినేవాళ్ళం.

రవికిరణ్ ప్రభుత్వం మీద ఇంకో మెట్టు ఎక్కాడు.

"ఆ నాలుగేళ్ళూ అయ్యేదాకా టొమాటో తాళం నా దగ్గరే ఉంటుంది."

ఈషా జర్మన్‌లో ఏదో అని తలుపు వేసుకుంది. అన్నదేమిటో ఎవరూ నాకు అనువదించలేదు.

ఫొటోలో డ్రైవరు సీట్లో ఉన్న మనిషికి నల్ల కళ్ళద్దాలు ఉన్నాయి. తలకి నా బూడిదరంగు శాలువా చుట్టి ఉంది (కిటికీ తెరిచి ఉంది, గాలి). ఎండ పడకుండా పైనుంచి దించిన పలక నీడ నుదుటి మీద పడింది. తెలిసేది గడ్డం ఒక్కటే. ఆ గడ్డం మా ఇంటిది. పక్క సీటు మీద మాత్రం చదరంగా నల్లరంగు వేశారు. పక్కన కూర్చున్నవాళ్ళ మర్యాద కాపాడటానికట. ఆ నలుపు నేను.

వెళ్ళింది కరివేపాకు కోసం. అక్కడి ఇండియన్ షాపులో శుక్రవారం నాలుగింటికి కరివేపాకు దిగుతుంది, అయిదింటికి ఉండదు.

దారిలో నేను ఈషాకి వేగం గురించి చెప్పాను. ఇది నమోదు కావాలి.

14 జూన్, శనివారం

ఆనాటి కరివేపాకు ఫ్రీజర్లో ఇంకా పదకొండు రెబ్బలు ఉన్నాయి. ప్రవీణ ఇవాళ కరివేపాకు లేకుండా పోపు పెట్టింది. కోడలిని ఏమీ అడగలేదు. చారు బాగానే ఉందన్నాను.

15 జూన్, ఆదివారం

భార్గవ్ భోజనానికి వచ్చాడు. రవికిరణ్‌తో కలిసి ఫ్యాక్టరీలో కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తాడు. కరీంనగర్ అబ్బాయి. ఈ ఊళ్ళో తెలుగువాళ్ళకి ఏ ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా ముందు ఇతనికి చూపిస్తారు. ఆ తరువాత అవసరమైతే వకీలుకి.

ఉత్తరం రెండు వైపులా చదివాడు. ఫొటోని కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"అన్నా, పెద్దమ్మ ఫ్లైట్ ఎప్పుడు?"

"ఇరవై ఎనిమిదిన. ఎందుకు?"

"ఇంకేంది మరి! పెద్దమ్మ పేరు రాసేయ్."

ప్రవీణ గరిటె దించింది. "ఏం మాట్లాడుతున్నావు భార్గవ్?"

"వదినా, నువ్వు ఆగమాగం గాకు. కళ్ళకు అద్దాలు, నెత్తికి శాలువా. ఇది ఈషా అని ఎవడు పట్టుకుంటడు? గదువ జూడు, అచ్చం పెద్దమ్మదే. ఇరవై ఎనిమిదిన విమానం ఎక్కుతది. లైసెన్సు మీద పాయింట్లు పడ్తే పడనీ, విశాఖపట్నం దాకా ఎంబడి వస్తయా? ఎష్‌బోర్న్‌ల మా దోస్తు గిట్లనే వాళ్ళ మామ పేరు రాసిండు. ఆ మామకు సైకిల్ గూడ రాదు."

"సైకిల్ రాని ఆయన కారు నడిపాడని రాశారా?" అన్నాను.

"మూడుసార్లు నడిపిండు పెద్దమ్మా. ముగ్గురు అల్లుళ్ళు."

రవికిరణ్ నవ్వలేదు. నిజంగా ఆలోచిస్తున్నాడు. నా కడుపున పుట్టినవాడు, ఫారం మీద అబద్ధం రాయడం గురించి, చేతిలో అప్పడం పట్టుకుని ఆలోచిస్తున్నాడు.

"లాభం లేదురా" అన్నాడు చివరికి. "అమ్మకి డ్రైవింగ్ రాదు. లైసెన్సే లేదు. లైసెన్సు లేని మనిషికి కారిచ్చానని నన్ను ఇంకో కేసులో ఇరికిస్తారు."

"అరె! గక్కడొచ్చింది తంటా" అని భార్గవ్ పప్పు కలుపుకున్నాడు.

ఈషా నా వైపు తిరిగింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నానమ్మా, నీకు ఎప్పుడూ, లైఫ్‌లో ఒక్కసారి కూడా, స్టీరింగ్ పట్టుకోవాలని అనిపించలేదా?"

"పెరుగు వేసుకో" అన్నాను.

జవాబు చెప్పలేదు కాబట్టి అబద్ధం చెప్పినట్టు కాదు.

నా లైసెన్సు సూట్‌కేసు అడుగున, బీపీ మాత్రల సంచిలో ఉంది. మొదట ఇచ్చిన తేదీ 11 ఫిబ్రవరి 1974. ఫిబ్రవరి 2028 దాకా చెల్లుతుంది. ఏ కాగితానికైనా గడువు దాటనివ్వడం నాకు నచ్చదు, అందుకని ప్రతిసారీ పాలసీ పని అని ఇంట్లో చెప్పి వెళ్ళి రెన్యువల్ చేయించాను. అంతకుమించి దానికి వేరే అర్థం లేదు.

16 జూన్, సోమవారం

అందరూ పనులకు వెళ్ళారు. రాయడానికి ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట వరకూ సమయం ఉంది.

1974. విశాఖపట్నం. ఎమ్మెస్సీ. హాస్టల్లో ఒకే గదిలో ముగ్గురం: నేను, ఆండాళ్, భానుమతి. భానుమతి నాన్నగారు ఒక లేడీ డాక్టరు దగ్గర పాత నల్లకారు కొని కూతురికి ఇచ్చారు, డ్రైవరుతో సహా. ఆ డ్రైవరు మా పోరు పడలేక రెండు నెలలు మాకు డ్రైవింగ్ నేర్పాడు. ఆ తరువాత చెల్లెలి పెళ్ళని ఊరెళ్ళి తిరిగి రాలేదు. ఈ చివరి సంగతి భానుమతి ఇంటికి రాయలేదు. ఉత్తరం రాస్తూ చివర ‘డ్రైవరు క్షేమం’ అని రాసేది. అతను ఎక్కడున్నా క్షేమంగానే ఉండి ఉంటాడు కాబట్టి అది తప్పు కాదని నేనే చెప్పాను.

మాలో ఎవరికైనా అదే మొదటి కారు. ముందు అద్దం మీద డాక్టరు గారి ఎర్ర ప్లస్ గుర్తు ఉండేది. బ్లేడుతో గీకినా పోలేదు. అందుకని దానికి డాక్టరమ్మ అని పేరు పెట్టాం. ఆ గుర్తు చూసి ఎడ్లబళ్ళు పక్కకి తప్పుకునేవి. కూడలిలో పోలీసు మాకోసం అటు వాళ్ళనీ ఇటు వాళ్ళనీ ఆపేవాడు. ఒకసారి బీచ్ దగ్గర ఒకాయన పరుగెత్తుకొచ్చి, కారు ఆపి, కిటికీలోకి నాలుక చాపాడు. ఆండాళ్ ఆ నాలుకని శ్రద్ధగా చూసి, "మజ్జిగ తాగండి, కారం మానేయండి" అంది. రెండు వారాల తరువాత ఆయన అదే చోట నిలబడి జామకాయల బుట్ట ఇచ్చాడు. నయమైందట.

డాక్టరమ్మకి హారన్ లేదు. భానుమతికి సంగీతం వచ్చు కాబట్టి వెనక సీట్లోంచి ఆ పని ఆమె చూసేది. బ్రేకు మూడుసార్లు నొక్కితే ఒకసారి పట్టేది. దానికి తగ్గట్టు ముందుగా లెక్క వేసుకునేవాళ్ళం.

పనులు ఇలా పంచుకున్నాం. భానుమతి: హారన్. నేను: నోటుబుక్కు. బయలుదేరిన సమయం, మైళ్ళు, చేరిన సమయం, సగటు వేగం. ఆండాళ్: డ్రైవింగ్.

17 మార్చి 1974, ఆదివారం. ఉదయం 6.10కి భీమిలి రోడ్డు. ఆ రోడ్డు మీద తిన్నగా ఉండే మూడు మైళ్ళని మూడున్నర నిమిషాల్లో దాటాలని పందెం. పందెం ఎవరితోనని అడిగితే చెప్పలేను. మాతో మాకే. గెలిచాం. సగటు గంటకి 51.4 మైళ్ళు. తరువాత వచ్చే మలుపు గురించి ఎవరూ లెక్క వేయలేదు. ఆ మలుపులో రోడ్డుకి అడ్డంగా చేపల వల ఆరేసి ఉంది.

వల ముందు చక్రాలకి చుట్టుకుంది. డాక్టరమ్మ దాన్ని ఈడ్చుకుంటూ ఇసుకలోకి దిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కారు ఆగిన తరువాత కూడా కొంతసేపు హారన్ మోగుతూనే ఉంది.

వల నూకరాజుది. మర్నాడు ఆ చిరుగుల వల భుజాన వేసుకుని, హాస్టలు అడ్రసు కనుక్కుని వచ్చాడు. వార్డెన్ గారు మా ముగ్గురినీ వరుసగా నిలబెట్టి, ఎవరు నడిపారని అడిగారు. ఆండాళ్ చెయ్యి ఎత్తింది. నూకరాజు డబ్బు వద్దన్నాడు. చింపిన పిల్ల వచ్చి తన పక్కన కూర్చుని కుట్టాలన్నాడు. మూడు ఆదివారాలు పట్టింది. ఆండాళ్ కుట్టింది. నేను తోడు వెళ్ళాను. మొత్తం 418 ముడులు. లెక్కపెట్టింది నేనే.

ఆండాళ్ తప్పు చేసింది, దిద్దుకుంది. ఇందులో నేను చెప్పుకోవలసింది ఏమీ లేదు.

17 జూన్, మంగళవారం

నిన్నటి దానికి సవరణ. ఆండాళ్‌కి డ్రైవింగ్ రాదు.

17 జూన్, సాయంత్రం

మొదలుపెట్టిన తరువాత సగంలో ఆపడం పద్ధతి కాదు.

ఆ డ్రైవరు నేర్పింది ముగ్గురికీ. వచ్చింది నాకు ఒక్కదానికి. ఆర్టీవో ఆఫీసు మైదానంలో ఎనిమిది అంకె ముందుకీ వేశాను, ఎవరూ అడగకుండానే వెనక్కీ వేశాను. భీమిలి రోడ్డు మీద ఉన్నది నేను. నోటుబుక్కు ఆండాళ్ ఒళ్ళో ఉంది. రెండు మైళ్ళ రాయి దగ్గర "చాలే తల్లీ, చాలు" అన్నది కూడా ఆండాళే.

వార్డెన్ గారు పిలిచే ముందు మెట్ల మీద ఆమె నాతో ఇలా అంది: "నాకు మే నెలలో పెళ్ళి. ఎలాగూ చదువు మానేసి వెళ్ళిపోయేదాన్ని. నా మీద పడితే ఏం పోతుంది? నీకు గోల్డ్ మెడల్ వస్తుంది, చెడగొట్టుకోకు." నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు. లోపల వార్డెన్ గారు అడిగినప్పుడు నా చెయ్యి కూడా లేచింది, సగం దాకా. తరువాత ఆ చేత్తో జడలో పువ్వు సర్దుకున్నాను.

మెడల్ వచ్చింది. కాండక్టు సర్టిఫికెట్ మీద ‘చాలా మంచిది’ అని రాశారు. ఆండాళ్ ఉత్తరాలు రెండు వచ్చాయి. జవాబు రాయడానికి కూర్చున్నాను. రెండుసార్లూ తేదీ వేసి ఆపేశాను.

ఎలాగూ వెళ్ళిపోయే మనిషి. భార్గవ్ ఆదివారం పప్పు కలుపుకుంటూ చెప్పినదీ ఇదే.

ఇంకో సవరణ. మే 30న నేను ఈషాకి వేగం గురించి చెప్పినది ఒకే మాట. ముందు ఇటుకల లారీ పోతోంది, నడకలా పోతోంది. నాలుగూ నలభై అయింది. అప్పటికే నా కుడికాలు కింద చాపని నొక్కుతోంది. "తొక్కు" అన్నాను.

పిల్ల నా వైపు చూసింది. అటువంటి మాట నా నోట ఎన్నడూ వినలేదు పాపం. వెంటనే తొక్కింది.

18 జూన్, బుధవారం

భానుమతి పోయి ఆరేళ్ళయింది. వాళ్ళమ్మాయి హారిక దగ్గర ఆండాళ్ నంబరు తీసుకున్నాను. ఇక్కడ ఉదయం 5.40, అక్కడ 9.10. రాజమండ్రి.

"ఎవరండీ?"

"శ్యామలాదేవిని."

"ఏ శ్యామలాదేవండీ?"

"డాక్టరమ్మ శ్యామలని."

 అటువైపు నుంచి ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసినంత నవ్వు.

"ఓసి నీ దుంపతెగ! బతికే ఉన్నావటే? ఉండుండు, కారు పక్కకి తీసుకుంటాను."

"కార్లో ఉన్నావా? ఎవరు నడుపుతున్నారు?"

"ఎవరు నడపడమేంటే? నేనే. ఈతకెళ్ళి వస్తున్నాను."

వంటింట్లో నిలబడి ఉన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆండాళ్, నీకు డ్రైవింగ్ రాదు."

"రాదు కదా! అదే కదే అసలు కథ!" అని మొదలుపెట్టింది. "ఆ వల సంగతి పెళ్ళి కాకముందే మా అత్తారింటికి చేరిపోయింది. మా అత్తగారు సంబంధం వద్దంటే వద్దంది. మా మామగారేమో నన్నే చేసుకోవాలని పట్టు. ఎందుకో తెలుసా? ఆయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎవరికీ చెప్పకుండా, గోడలు రాసుకుంటూ, మిల్లుకి కారు తోలుతున్నారు. యాభై మైళ్ళ స్పీడులో తోలే కోడలు ఇంటికొస్తుంటే ఊరుకుంటారా? పెళ్ళైన మూడోరోజు తాళాలు నా చేతిలో పెట్టేశారు."

"మరి నువ్వు?"

"కారు తీసుకెళ్ళి గడ్డివాములోకి దూర్చాను. వైజాగ్ కార్లకి బ్రేకు అటువైపు ఉంటుందండీ అన్నాను. ఆయన సరేనమ్మా అన్నారు. పాపం, ఆయనకెక్కడ కనపడి చచ్చింది! మిల్లు లారీ డ్రైవరు నెల్లాళ్ళు నేర్పాడు. ఇంక దిగలేదే. యాభై ఒక్క ఏళ్ళు. మామగారి కళ్ళ ఆపరేషన్‌కి నేనే తీసుకెళ్ళాను. నా మూడు పురుళ్ళకీ ఆస్పత్రికి నేనే నడుపుకుని వెళ్ళాను."

"మూడింటికీనా?"

"రెండోదానికి. మిగతావి కొంచెం కలిపి చెప్తుంటాను. నువ్వు అన్నీ లెక్కలడుగుతావు! సర్లే, నీ సంగతి చెప్పు. ఏం కారు నడుపుతున్నావు?"

"నేను నడపను."

"అదేంటే?" ఈసారి నవ్వలేదు. "మన ముగ్గురిలో చెయ్యి నీదే కదా. నువ్వు పెద్ద మలుపు తిప్పుతుంటే నాకు భయం వెయ్యడం మానేసి చూడాలనిపించేది. ఎందుకు మానేశావు?"

ఎందుకు మానేశాను? ఎవరూ అడగలేదు. అల్లరి పిల్ల ఆండాళ్, బుద్ధిమంతురాలు శ్యామల అని ఆనాడు నమోదైంది. బుద్ధిమంతురాలికి తాళాలు ఎవరిస్తారు? ఆయన 1986లో కారు కొన్నారు. నాకు వచ్చని చెప్పాలంటే ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నీ చెప్పాలి. చెప్పలేదు. ఆయన పందొమ్మిదేళ్ళు రెండో గేరులో నడిపారు. మూడో గేరు పండగలకి. నేను పక్కన కూర్చుని కిటికీలోంచి సైకిళ్ళు మమ్మల్ని దాటిపోవడం చూశాను.

ఇదంతా ఆండాళ్‌తో చెప్పలేదు. క్షమించమని మాత్రం అడిగాను. మీ వాళ్ళందరినీ కూర్చోబెట్టి ఆ రోజు నడిపింది నేనని చెప్తాను అన్నాను.

"ఖబడ్దార్!" అంది. "మా మనవలు ఆ వల కథ బడిలో చెప్పుకుని తిరుగుతున్నారు. పెద్దాడు బొమ్మ కూడా వేశాడు, ఫ్రిజ్ మీద అంటించాం. యాభై ఏళ్ళ తరువాత వచ్చి అది నాదంటే ఇచ్చేస్తాననుకున్నావా? అంతగా చెప్పాలనుంటే నేను పోయాక చెప్పుకో."

ఇరవై ఆరు నిమిషాలు మాట్లాడాం. పెట్టేసిన తరువాత తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమెకి నేను నష్టం చేశాననుకున్నాను. తప్పు ఎవరి పేరున రాశారో, కారు కూడా వాళ్ళ పేరునే వెళ్ళిపోయింది.

18 జూన్, మధ్యాహ్నం

ఒకటి దాచకుండా రాయాలి. ఆ డెబ్బై నాలుగు నా పేరున రాస్తే ఈషా బయటపడుతుంది. అది ఒక కారణం. రెండో కారణం: డెబ్బై రెండేళ్ళలో ఏ దేశంలోనూ, ఏ కాగితం మీదా, నా పేరు ఎదురుగా ఒక్క వేగం కూడా లేదు.

నాకు అది కావాలనిపిస్తోంది.

19 జూన్, గురువారం

సాయంత్రం ఆరింటికి భార్గవ్ ఫారం పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. అతని దగ్గర కొత్త పథకం ఉంది. కాట్‌బస్‌లో చదువుకుంటున్న ఎవరో అబ్బాయి వాళ్ళమ్మగారు నెలాఖరుకి ఇండియా వెళ్తున్నారు, ఆవిడకి లైసెన్సు ఉంది, గడ్డం కూడా సరిపోతుంది.

"ముక్కూ మొహం తెలియని ఆవిడకి నా కారెందుకిచ్చాను?" అన్నాడు రవికిరణ్.

"కరివేపాకు తెచ్చుకోనీకి అని రాద్దాం."

నేను లోపలికి వెళ్ళి బీపీ మాత్రల సంచి తెచ్చి లైసెన్సు బల్ల మీద పెట్టాను.

ముందు ప్రవీణ చూసింది. తరువాత రవికిరణ్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ ముందువైపు చదివాడు.

"అమ్మా, ఇది నీదా?"

"ఫొటో ఉంది కదా."

"పెద్దమ్మా, నువ్వు దేవతవు!" అని భార్గవ్ పెన్ను తీసి గడిలో నా పేరు మొదటి అక్షరం రాసేశాడు.

"ఆగు" అన్నాను. క్లాసులో వాడే గొంతు. అది ఇంకా పనిచేస్తోంది. అతను పెన్ను కింద పెట్టాడు.

మొదటి నుంచీ చెప్పాను. డాక్టరమ్మ, హారన్, నాలుక, మూడు మైళ్ళు, వల, మెట్లు, పువ్వు, 418. తరువాత మే 30న నేనన్న మాట కూడా. పద్నాలుగు నిమిషాలు పట్టింది. మధ్యలో ఎవరూ ఫోను చూడలేదు.

రవికిరణ్‌కి అన్నింటికన్నా ముందు తగిలింది వేరే. "నాన్న రెండో గేరులో తిరుపతి దాకా తీసుకెళ్ళారమ్మా! నువ్వు పక్కనే కూర్చున్నావు! ఒక్క మాట అనలేదు!"

"అనలేదు. కాలితో నొక్కాను."

"ఒక్క నిమిషం." ఈషా బల్ల దగ్గరికి జరిగింది. ముఖం చూస్తే లెక్క చేస్తున్నట్టు ఉంది. "ఆండాళ్ అమ్మమ్మ మిస్టేక్ తీసుకుంది. కారు కూడా తీసేసుకుంది. నీకేమో ఏమీ రాలేదు. అంటే ఇప్పుడు ఇక్కడ నీ పేరు రాస్తే..." ఫారం వైపు చూసింది, నా వైపు చూసింది. కళ్ళు చిన్నవి చేసింది. "నానమ్మా, నీకు ఆ డెబ్బై నాలుగు కావాలా?"

కాదని చెప్పాలి. మనవరాలికి నీతి చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

"మూడు తీసేయకపోతే డెబ్బై ఏడు" అన్నాను.

"నైన్! కాదు! అది నాది!" అని ఫారం లాక్కుంది. భార్గవ్ రాసిన అక్షరం కొట్టేసి, దాని పక్కన తన పేరు పెద్ద అక్షరాలతో రాసింది. ఈ దేశం దృష్టిలో నేనంటే కొట్టేసిన ఒక అక్షరం.

"అయ్యో బిడ్డా, నాలుగేండ్లు!" అన్నాడు భార్గవ్. నిజంగా బాధపడ్డాడు.

"నాలుగేళ్ళూ నేనే డ్రైవ్ చేస్తా. నాన్నా, తాళం."

రవికిరణ్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. "చేసిన తప్పుకి..."

"చేసింది తనే, రాసింది కూడా తనే" అన్నాను. "నేను ఆ రెండో పని చేయలేదు. నాకు మెడల్ ఇచ్చారు. తాళం ఇచ్చేయి."

ప్రవీణ భర్త వైపు చెయ్యి చాపింది. తాళం ఆ చేతిలోంచి ఈషా చేతిలోకి వెళ్ళింది. ఆ తరువాత ప్రవీణ ఫ్రీజర్ తెరిచి పోపు వేసింది.

20 జూన్, శుక్రవారం

బాగా నిద్రపట్టింది. ఇకపై జరగవలసినవి:

1. ఫారం ఇవాళ మధ్యాహ్నం రెండున్నరలోగా పోస్టు డబ్బాలో పడాలి. వేసేది ఈషా. నేను పక్కన నిలబడతాను.

2. ‘తొక్కు’ అన్నది పక్క సీటు అని ఒక కాగితం రాసి జతచేయాలి. అలాంటి గడి ఫారంలో లేదని రవికిరణ్ అంటున్నాడు. జతచేస్తాను.

3. ఈషా ఆ క్లాసులకి వెళ్ళాలి. నోట్సు రాసుకోవాలి. ఒక ప్రతి నాకు పంపాలి.

4. రవికిరణ్ తాళం మళ్ళీ అడగకూడదు. అడిగితే అతను పదో తరగతిలో తన ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న పేరున చేసిన సంతకం గురించి ప్రవీణకి చెప్తాను. నాకు అప్పుడే తెలుసు.

5. సైకిల్ రాని ఆ మామగారి అడ్రసు భార్గవ్ తెచ్చివ్వాలి. ఆయనకి ఉత్తరం రాయాలి. ఆయన పేరున ఎన్ని ఉన్నాయో ఆయనకి తెలియాలి.

6. ఆదివారం పది గంటలకి, డ్రైవింగ్ ప్రాక్టీసు చేసుకునే మైదానానికి. ఈషా టెర్మిన్, అంటే మనకంటూ ఒక టైము, తీసుకుంది. స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి. పక్కన కూర్చున్నప్పుడు ఈషా నోరు మెదపకూడదు. మూడో గేరు దాకా మాత్రమే. నాలుగు, పరిస్థితిని బట్టి.

7. ఇంటికి వెళ్ళాక భీమిలి. నూకరాజు తరఫువాళ్ళు ఎవరైనా ఉంటే కనుక్కోవాలి. వల కుట్టడం నేర్పమని అడగాలి. లెక్కపెట్టడం వాళ్ళు చేస్తారు.

8. అక్కడి నుంచి రాజమండ్రి, నాలుగు రోజులు. ఆండాళ్ తన మనవల ముందు వల కథ చెప్తుంది. వినాలి. యాభై మైళ్ళ వేగం అంటుంది. 51.4 అని సరిదిద్దకూడదు.

9. ఆండాళ్ కన్నా ఎక్కువ కాలం బతకాలి. ఆమె నాకన్నా ఏడు నెలలు చిన్నది, రోజూ ఈత కొడుతుంది. కష్టమే. రేపటి నుంచి ఉదయం నడక నలభై నిమిషాలు.